మంచు ఎప్పుడు విడుతుందో చెప్పాలంటే, ముందు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి

మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. సముద్రతీరానికి కొత్తగా మకాం మార్చారు. పొద్దున్న ఆరింటికి కారులో డ్యూటీకి బయల్దేరాలి. సెలవు రోజుల్లో స్నేహితుడి చిన్న మోటారు పడవలో చేపల వేటకు వెళ్తారు. ఫోన్‌లో ‘దట్టమైన పొగమంచు, ఉదయం తొమ్మిది వరకు’ అని హెచ్చరిక వస్తుంది. ఒకరోజు ఏడున్నరకే తేటపడుతుంది, ఇంకోరోజు మధ్యాహ్నం రెండైనా ఎదురిల్లు కనిపించదు. దీన్ని ఎలా అంచనా వేయాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు వెళ్లొచ్చు అన్నది మీ సందేహం. చివర్లో పసుపు లైట్ల సంగతి కూడా అడిగారు, దానికీ వస్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఓడరేవులో వాతావరణం చూసే పని చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి మెట్లెక్కి పైకి వెళ్లడం, ఎంత దూరం చూపు ఆనుతోందో రాసుకోవడం, ఓడల్ని రేవులోకి నడిపించే పైలట్లకి చెప్పడం, ఇదే ఉద్యోగంలో సగం. విజిబిలిటీ కొలిచే యంత్రాలు వచ్చాక కూడా కళ్లతో చూడటం మానలేదు. మా కొలబద్ద బ్రేక్‌వాటర్, అంటే రేవులోకి అలలు రాకుండా కట్టిన గోడ, దాని మీది దీపస్తంభాలు. ఒక్కోదానికీ మధ్య యాభై మీటర్లు. ఎన్ని స్తంభాలు కనిపిస్తే అన్ని యాభైలు.

కొత్తలో నేను చేసిన పొరపాటు చెప్తే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. అప్పటికి వారం రోజులుగా రోజూ తెల్లవారుజామున మంచు పట్టడం, ఎనిమిదిన్నరకల్లా ఎండ రావడం. ఎనిమిదో రోజూ అంతే, స్తంభాలు మూడే కనిపిస్తున్నాయి. బయట లంగరు వేసుకుని ఉన్న ఓడని లోపలికి తేవాలి, ఎప్పటికి వీలవుతుందని పైలట్ ఫోన్ చేశాడు. ‘ఎనిమిదిన్నరకి పోతుందండీ’ అన్నాను, గడియారం చూసి చెప్పినట్టు. ఆ మంచు మూడో రోజు సాయంత్రానికి గానీ కదల్లేదు. ఓడని లాగే టగ్గు పడవలు రెండుసార్లు ఇంజన్లు వేసుకుని సిద్ధంగా నిలబడి, రెండుసార్లూ ఆపేసుకున్నాయి. మా సీనియర్ కోప్పడలేదు. బయటికి తీసుకెళ్లి రెయిలింగ్ మీద చెయ్యి పెట్టమన్నాడు. సముద్రం వైపు నీళ్లు ధారగా కారుతున్నాయి, ఊరి వైపు దాదాపు పొడిగా ఉంది. ‘నిన్నటిదాకా పైనంతా ఒకేలా తడిసి ఉండేది, చూశావా?’ అన్నాడు. చూడలేదు.

నిన్నటిదాకా ఉన్నది అక్కడికక్కడే నేల మీద పుట్టిన మంచు. ఆ రోజుది సముద్రం మీద తయారై, గాలితో నడిచొచ్చిన మంచు. కిటికీలోంచి చూస్తే రెండూ ఒకటే తెలుపు. గుణాలు మాత్రం ఎక్కడా కలవవు.

నేల మంచు సంగతి ముందు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలని ఆనుకుని ఉన్న గాలి చల్లబడుతుంది. చల్లబడి చల్లబడి, అందులోని తేమ ఇక ఆవిరిగా నిలవలేని ఉష్ణోగ్రతకి చేరుతుంది. దాన్నే డ్యూ పాయింట్ అంటారు. అక్కడ ఆవిరి సన్నటి బిందువులుగా మారుతుంది. గాలి బొత్తిగా లేకపోతే అది మంచుబొట్లుగా గడ్డి మీద పడి ఊరుకుంటుంది. గాలి మరీ ఎక్కువైతే పైనున్న పొడిగాలి దిగి కలిసిపోయి అసలు మంచే పట్టదు. ఆకు కదిలీ కదలనంత గాలి ఉండాలి. అందుకే పక్కపక్క ఊళ్లలో ఒకచోట పట్టి ఇంకోచోట పట్టకపోవడం మామూలే.

ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. నేల మంచు అన్నిటికంటే దట్టంగా ఉండేది అర్ధరాత్రో, మూడింటికో కాదు. సూర్యోదయం చుట్టుపక్కల, తరచుగా సూర్యోదయమైన అరగంట వరకూ. రాత్రంతా చల్లబడిన నేల కనిష్ఠానికి చేరేది అప్పుడే. పైగా తొలి ఎండకి గాలిలో చిన్న కదలిక మొదలై, నేలబారుగా ఉన్న తేమని కాస్త పైకి కలుపుతుంది. మోకాలెత్తు మంచు కాస్తా మనిషెత్తు మంచు అవుతుంది. ఐదింటికి బాల్కనీలోంచి చూసి ‘పర్లేదు, వీధి చివరిదాకా కనిపిస్తోంది’ అనుకుని బయల్దేరినవాళ్లు ఆరున్నరకి దారి మధ్యలో చిక్కుకునేది ఇందుకే. మీరు బయల్దేరే ఆరు గంటలు సరిగ్గా ఆ వేళలో పడుతున్నాయి.

ఇంత చేసే మంచులో నీళ్లు ఎంతుంటాయో తెలుసా? దట్టమైన పొగమంచులో ఘనపు మీటరుకి అర గ్రాము కూడా ఉండదు, మామూలుగా ఇంకా తక్కువే. ఒక గది నిండా మంచు నింపి పిండితే చెంచా రెండు చెంచాల నీళ్లు వస్తాయి. కానీ ఆ చెంచాడు నీళ్లూ మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉండే బిందువులుగా, కోట్ల సంఖ్యలో విడిపోయి ఉంటాయి. ప్రతి బిందువూ వెలుగుని పక్కకి చెదరగొడుతుంది. అదే నీరు వానచుక్కలుగా పడితే మనకి పెద్ద అడ్డే కాదు.

నేల మంచు ఎండకి లొంగుతుంది. అయితే ఎండ పైనుంచి దాన్ని కరిగిస్తుందనుకోవడం సరి కాదు. మంచులోంచి కొంత వెలుగు దూరి నేలని వెచ్చబరుస్తుంది, నేల కింద నుంచి గాలిని వెచ్చబరుస్తుంది. అందుకే అది కింది నుంచీ, అంచుల నుంచీ తరుగుతుంది. పొర పలచగా ఉంటే రెండు గంటల్లో సఫా. చలికాలంలో, పొర వంద రెండు వందల మీటర్ల మందాన ఉంటే పొద్దున పదకొండింటి దాకా, పన్నెండింటి దాకా కూడా ఉంటుంది. పైన ఇంకో మేఘపు పొర వచ్చి ఎండని అడ్డుకుంటే ఆ రోజుకి అంతే.

సముద్రపు మంచు అలా కాదు. వెచ్చటి తేమగాలి చల్లటి నీళ్ల మీదుగా వస్తే, కింద తగిలే చల్లదనానికి ఆ గాలిలో మంచు పుడుతుంది. నేల వేడెక్కుతుంది, చల్లబడుతుంది గానీ సముద్రం గంటల్లో మారదు. అందుకని దీనికి పగలూ రాత్రీ లేదు, సూర్యుడంటే భయమూ లేదు. గాలి వీస్తే చెదిరిపోతుందిలే అనుకోవడానికీ లేదు, పదిహేను ఇరవై నాట్ల గాలిలో, అంటే గంటకి సుమారు 28 నుంచి 37 కిలోమీటర్ల గాలిలో కూడా అది గోడలా నిలబడి నడిచొస్తుంది. కెనడా తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దగ్గర చల్లటి లాబ్రడార్ ప్రవాహం, వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ ఒకదానికొకటి ఎదురవుతాయి. అక్కడి అర్జెంషియాలో ఏడాదికి సుమారు 200 రోజులు పొగమంచు నమోదవుతుంది. నమీబియా తీరంలో చల్లటి బెంగ్వెలా ప్రవాహం వల్ల వచ్చే మంచే ఆ ఎడారిలో పురుగులకి తాగునీరు. చిలీలో దీన్ని కమంచాకా అంటారు, వలలు కట్టి అందులోంచి నీళ్లు పట్టుకున్న ఊళ్లున్నాయి. స్కాట్లాండ్ తూర్పు తీరంలో దీని పేరు హార్. తీరప్రజలు దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారంటేనే అది మామూలు మంచు కాదని వాళ్లకి ఎప్పుడో తెలుసన్నమాట.

ఇది ఎప్పుడు విడుతుందంటారా? గాలి దిక్కు మారినప్పుడు. అంతవరకు పగటిపూట లోతట్టున నేల వేడికి పలచబడి, ఒడ్డుకి ఒకటి రెండు కిలోమీటర్లు వెనక్కి తగ్గి, అక్కడే కాచుకుని ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మళ్లీ లోపలికి వస్తుంది. ఎండలో ఇసుక మీద పిల్లలు ఆడుకుంటుండగా పది నిమిషాల్లో అంతా తెల్లబడిపోయేది ఇలాగే. మీకు ‘మధ్యాహ్నం రెండైనా ఎదురిల్లు కనిపించని’ రోజులు ఈ జాతివే అయ్యుంటాయి.

ఇంకా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. బాగా చల్లటి గాలి వెచ్చటి నీళ్ల మీదికి వస్తే వేన్నీళ్ల గిన్నె మీద ఆవిరిలా పొగలు లేస్తాయి, అది ఎక్కువగా నీళ్ల మీదే ఉంటుంది. వాన పడుతున్నప్పుడు చినుకులు ఆవిరై కింది గాలిని తేమతో నింపి పట్టే మంచు ఒకటి. వీటికంటే భయపడాల్సింది పొగ కలిసిన మంచు. తీరం దగ్గరి చిత్తడి నేలల్లో గడ్డి అంటుకుని రోజుల తరబడి రగులుతుంటే ఆ పొగ రాత్రి నేల మంచులో కలుస్తుంది. అప్పుడు చూపు కొద్ది మీటర్లు కూడా ఆనదు. 2023 అక్టోబరు 23న అమెరికాలోని లూసియానాలో, న్యూ ఆర్లీన్స్ దగ్గర హైవే మీద ఇలాంటి ‘సూపర్ ఫాగ్’లోనే 150కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, కనీసం ఏడుగురు చనిపోయారు. మీ దారిలో ఎక్కడైనా పొగ వాసన, దానికి తోడు మంచు ఉన్నాయా, ఆ రోజు దారి మార్చండి లేదా ఆగిపోండి. ఇందులో నా దగ్గర రెండో మాట లేదు.

సరే, పొద్దున్నే లేచి చూసేసరికి తెల్లగా ఉంది. ఏ జాతిదో ఎలా పోల్చుకోవాలి? నేనైతే మొదట తలెత్తి నెత్తి మీదికి చూస్తాను. చుక్కలో, చంద్రుడో, లేత నీలమో కనిపిస్తే అది పలచటి నేల మంచు, ఎండ వస్తే పోతుంది. తర్వాత గాలి. చెంపకి గాలి తగులుతూ, వీధిదీపం కింద మంచు ఒకే దిక్కుగా కదులుతూ కనిపిస్తే సముద్రపుదని అనుమానించాలి. తర్వాత తడి. రెయిలింగ్, కారు అద్దాలు, చెట్టు బోదె ఒకవైపే తడిసి ఉన్నాయా, అంతా సమానంగానా. అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం మాత్రం నిన్న సాయంత్రం. పడుకునేముందు ఆకాశం తేటగా ఉండి తెల్లవారేసరికి పట్టిందా, లేక నిన్న నాలుగింటికే సముద్రం వైపు తెల్లటి గోడ కనిపించిందా? గోడ కనిపించి ఉంటే ఉదయం తొమ్మిది అన్న మాట మర్చిపోండి.

అంకెలు ఇష్టమైతే ఇంకో దారి ఉంది. రాత్రి ఫోన్‌లో గాలి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ చూడండి. మధ్య తేడా రెండు మూడు డిగ్రీలకి తగ్గిపోయి, ఆకాశం తేటగా, గాలి నెమ్మదిగా ఉంటే తెల్లారేసరికి నేల మంచుకి సిద్ధపడొచ్చు. సముద్రపు నీటి ఉష్ణోగ్రత కూడా చాలాచోట్ల దొరుకుతుంది. డ్యూ పాయింట్ గనక నీటి ఉష్ణోగ్రత కంటే ఎక్కువుండి, గాలి సముద్రం నుంచి ఒడ్డుకి వస్తుంటే సముద్రపు మంచుకి సరుకంతా సిద్ధంగా ఉన్నట్టే.

మీ యాప్ ఎందుకు తప్పుతోందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. చాలా యాప్‌లు చూపించే ‘ప్రస్తుత విజిబిలిటీ’ దగ్గర్లోని విమానాశ్రయంలో కొలిచింది. అది ఒడ్డుకి ఇరవై కిలోమీటర్లు లోపల ఉండొచ్చు. ముందస్తు అంచనా వేసే కంప్యూటర్ నమూనాలు నేలని కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క కడతాయి, మంచు పొరేమో మందంలో వంద మీటర్లు. ఉపగ్రహం పైనుంచి మంచు పైభాగాన్నే చూస్తుంది, దాని అడుగు నేలని ఆనిందో లేక రెండు వందల మీటర్ల పైన మబ్బుగా ఆగిందో దానికి సరిగ్గా తెలియదు. అందుకని నేను యాప్‌ని రాత్రి చూస్తాను, పొద్దున కిటికీని నమ్ముతాను.

హెచ్చరికలోని మాటల గురించి ఒక్క ముక్క. కిలోమీటరు లోపు చూపు ఆనితే శాస్త్రం దాన్ని పొగమంచు అంటుంది, అంతకంటే ఎక్కువైతే పలచటి మంచు అంతే. భారత వాతావరణ శాఖ లెక్కలో 50 నుంచి 200 మీటర్ల మధ్య ఉంటే ‘దట్టమైన’, 50 కంటే తక్కువైతే ‘చాలా దట్టమైన’ పొగమంచు. అమెరికాలో నేల మీద పావు మైలుకి, అంటే దాదాపు 400 మీటర్లకి పడిపోతేనే దట్టమైన మంచు హెచ్చరిక ఇస్తారు. ‘దట్టం’ ఒకటే మాట, వెనక అంకెలు వేరు. మీ దగ్గర ఏ అంకె వాడతారో ఒకసారి చూసి పెట్టుకోండి.

ఆ అంకెల అవసరం రోడ్డు మీద తెలుస్తుంది. తడి రోడ్డు మీద గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. ఎదురుగా ఏదో ఉందని కంటికి ఆని, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే 33 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 60 పైన. మొత్తం 95 దాకా. 60 వేగంతో 60 మీటర్లు, 40 వేగంతో 32 మీటర్లు. దారి పక్క స్తంభాలు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. యాభై మీటర్లే కనిపిస్తుంటే 60 మీద పోవడమంటే కళ్లు మూసుకుని పది మీటర్లు నడిపినట్టు. ముందున్న బండి కూడా కదులుతోంది కదా అనకండి, మంచులో ముందున్నది ఆగి ఉన్న లారీ అయ్యే అవకాశమే ఎక్కువ.

మంచులో మనకి వేగం తెలియదని, తెలియకుండానే ఎక్కువ తొక్కేస్తామని ఒక మాట ప్రచారంలో ఉంది. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం దానికి మూలం, తెర మీద రోడ్డు చూపించి బండి నడిపించే సిమ్యులేటర్‌లో దృశ్యాన్నంతా ఒకేలా మసకబారిస్తే జనం వేగం పెంచారు. 2012లో ఈలైఫ్ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. నిజం మంచులో దగ్గరిది బాగానే కనిపిస్తుంది, దూరం పోయేకొద్దీ మసక పెరుగుతుంది. అలా పెట్టి చూస్తే జనం వేగం తగ్గించారట. నాకు ఈ రెండోదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే మంచులో జనం నెమ్మదిగానే వెళ్తారు. చిక్కేమిటంటే, తగ్గించాల్సినంత తగ్గించరు. ఇద్దరు ముగ్గురు అసలు తగ్గించరు. ప్రమాదాలన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి.

ఇంకో చిక్కు, మంచు ఒకేలా ఉండదు. మూడు కిలోమీటర్లు బాగా కనిపించి, వంతెన ఎక్కగానే, లేదా కాలువ పక్క పల్లానికి దిగగానే ఒక్కసారి తెల్లగోడ. మెదడు మాత్రం ఇంకా వెనకటి వేగంలోనే ఉంటుంది. 1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపంలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. ఆ రోజు కొండ మీది విమానాశ్రయంలోకి మబ్బు తెరలు తెరలుగా వచ్చిపోతూ, నిమిషానికొక తీరుగా చూపు మారిపోతోంది. ప్రమాదానికి ఇంకా చాలా కారణాలున్నాయి గానీ, ఒకరికొకరు కనిపించి ఉంటే అవేవీ అంతదూరం వచ్చేవి కావు.

కాబట్టి పొద్దున్న ఆరింటి మీ ప్రయాణం విషయం. పల్లపు నేల, నీటి ఒడ్డు, వంతెన మీ దారిలో ఎక్కడెక్కడ ఉన్నాయో తేటగా ఉన్నరోజు గుర్తుపెట్టుకోండి, మంచులో అక్కడికి చేరకముందే తగ్గించండి. లైట్లు డిమ్‌లోనే ఉండాలి. బ్రైట్ వేస్తే ఎదుటి బిందువులన్నీ ఆ వెలుగుని మీ మొహం మీదికే తిప్పికొడతాయి. పగలే కదా అని పార్కింగ్ లైట్లతో సరిపెట్టకండి, అవి యాభై మీటర్లకి ఎవరికీ ఆనవు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోయే అలవాటు చాలామందికి ఉంది. అలా వేస్తే మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు, పైగా ఆగిన బండికీ కదిలే బండికీ తేడా ఉండదు. ఆగినప్పుడే వెయ్యండి. ముందు బండి ఎర్రదీపాలు పట్టుకుని వెళ్లిపోవడం హాయిగానే ఉంటుంది, ఆ బండి రోడ్డు దిగిపోయేదాకా. కూడళ్ల దగ్గర అద్దం దించి, పాటలు ఆపేసి వినండి. మరీ కనిపించకపోతే రోడ్డు మీద గానీ, అంచున గానీ ఆగకండి, పూర్తిగా బయటికి, ఏ పెట్రోలు బంకు ఆవరణలోకో వెళ్లి ఆగండి. ఎక్కడైనా గుద్దుకున్నా, వీలైతే బండిలో కూర్చోకుండా రోడ్డుకి దూరంగా వెళ్లి నిలబడండి. వరస ప్రమాదాల్లో మొదటి దెబ్బ కంటే వెనక వచ్చే మూడోది, నాలుగోది ఎక్కువమందిని తీసుకుపోతుంది.

డ్యూటీకి గంట ఆలస్యంగా వచ్చే వెసులుబాటు గురించి ముందే మాట్లాడి పెట్టుకోండి. నేల మంచు రోజుల్లో ఆ గంట చాలావరకు సమస్యని తీర్చేస్తుంది. సముద్రపు మంచు రోజుల్లో గంట ఆగినా లాభం లేదు, ఒడ్డు వెంట రోడ్డు వదిలి లోతట్టు దారి పట్టాలి.

ఇక పడవ. ఇక్కడ నా గొంతు కాస్త పెద్దదవుతుంది, మన్నించాలి.

సముద్రం మీద మంచు పడితే మొదట పోయేది దిక్కు. ఐదు నిమిషాల్లో, నిటారుగా పోతున్నానని ప్రమాణం చేసే మనిషి పెద్ద గుండ్రం తిరుగుతుంటాడు. బయల్దేరేముందే జీపీఎస్‌లో రేవు ముఖద్వారం గుర్తు పెట్టి ఉండాలి, దిక్సూచి ఉండాలి, రెండూ వాడటం వచ్చి ఉండాలి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. మంచులో గుద్దుకున్నాక దాన్ని వెతుక్కునే వ్యవధి ఉండదు.

నౌకాయానానికి 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనలున్నాయి, చిన్న పడవకీ అవే. మంచులో ‘నాకు దారి హక్కు ఉంది’ అనేది లేదు. ఇద్దరూ తప్పుకోవాల్సిందే. ఇంజను పడవ కదులుతుంటే రెండు నిమిషాలకి మించకుండా ఒక పొడుగు హారన్, అంటే నాలుగు నుంచి ఆరు సెకన్లు. కదలకుండా తేలుతుంటే రెండు పొడుగు హారన్లు. లంగరేసిన ఓడలు నిమిషానికోసారి గంట గబగబా మోగిస్తాయి. చిన్న పడవలకి ఇన్ని లెక్కలు లేకపోయినా, ఏదో ఒక గట్టి శబ్దం చేయగలగడం తప్పనిసరి. ముందు వైపు నుంచి ఎవరిదైనా హారన్ వినిపిస్తే, గుద్దుకునే ప్రమాదం లేదని తేలేదాకా వేగం కనిష్ఠానికి తగ్గించాలి, అవసరమైతే పూర్తిగా ఆపాలి. ఎదురుగా వచ్చేదాన్ని రాడార్‌లో మాత్రమే చూసి ఎడమకి తిప్పకూడదు.

ఆ ఎడమ గొడవకి పెద్ద ఉదాహరణ ఉంది. 1956 జులై 25 రాత్రి అమెరికాలోని నాంటకెట్ దగ్గర ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ప్రయాణికుల ఓడలు గుద్దుకున్నాయి. రెంటికీ రాడార్ ఉంది, రెండూ ఒకదాన్నొకటి తెర మీద ముందే చూశాయి. ఒకటి ఎడమకి తిప్పింది, ఇంకోటి కుడికి. కళ్లకి కనిపించేసరికి ఆలస్యమైపోయింది. యాభైకి పైగా ప్రాణాలు పోయాయి, ఆండ్రియా డోరియా మర్నాడు పొద్దున మునిగిపోయింది. యంత్రం ఉందన్న ధైర్యంతో మంచులో దాదాపు పూర్తి వేగంతో పోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

వినపడే దూరాన్ని కూడా నమ్మడానికి లేదు. జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త 1873లో ఇంగ్లండ్‌లోని సౌత్ ఫోర్‌లాండ్ దగ్గర హారన్లు మోగిస్తూ సముద్రం మీద తిరిగి చూశాడు. మంచు శబ్దాన్ని మింగేస్తుందన్న నమ్మకం తప్పని తేలింది. తేటగా ఉన్న రోజుల్లోనే హారన్ రెండు మూడు మైళ్లకి వినిపించకుండా పోయింది, మంచు రోజుల్లో ఇంకా బాగా వినిపించింది. వెచ్చటి, చల్లటి గాలి పొరల్లో శబ్దం వంగుతుంది, చెదురుతుంది. అందుకే హారన్ వినిపించిన వైపే ఓడ ఉందనీ, వినిపించలేదు కాబట్టి లేదనీ అనుకోకూడదు.

పడవకి సంబంధించి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం వేరే ఘటన. 1993 సెప్టెంబరు 22న అమెరికాలోని అలబామాలో, మొబైల్ నగరం దగ్గర, అర్ధరాత్రి దాటాక ఒక టగ్గు మంచులో దారితప్పింది. అది తోస్తున్న బార్జీలు, అంటే సరుకు మోసే చదునైన పెద్ద పడవలు, మామూలుగా పడవలు పోకూడని పాయలోకి వెళ్లి రైలు వంతెనకి తగిలాయి. పట్టాలు పక్కకి జరిగాయి. దేనికి తగిలామో టగ్గులోవాళ్లకి తెలియను కూడా తెలియదు. కొద్ది నిమిషాలకే ప్రయాణికుల రైలు వచ్చింది. 47 మంది పోయారు. వాళ్లలో ఎవరూ మంచులో పడవ నడపాలని నిర్ణయం తీసుకున్నవాళ్లు కాదు.

మంచుతోపాటు వచ్చే మిగతా వాతావరణం కూడా మర్చిపోవద్దు. మంచు అనగానే సముద్రం నిద్రపోతోందనుకుంటారు. ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతలి తుపాను పంపిన పెద్ద అలలు గాలి లేని రోజున కూడా వస్తాయి. మామూలుగా అయితే రేవు ముఖం దగ్గర అవి విరగడం దూరం నుంచే కనిపిస్తుంది, మంచులో వాటి చప్పుడు వినేసరికి వాటి మధ్యలో ఉంటారు. ఇంకోటి, కొన్ని తీరాల్లో వెచ్చటి తేమగాలి రెండు రోజులు వీచి, సముద్రపు మంచు పట్టి, దాని వెనకే చల్లగాలి సరిహద్దు, ఉరుములు, ఈదురుగాలి దిగుతాయి. మంచు ‘ఇదిగో విడిపోతోంది’ అనిపించే సరికి నెత్తిమీద నల్లమబ్బు ఉంటుంది. మంచు రోజు మబ్బుని చూడలేరు కాబట్టి, వాతావరణ శాఖ రాడార్ చిత్రం చూడకుండా లంగరు ఎత్తకండి. పోటు వేళలు తెలియకుండా ఆటుకి బయటపడిన బురదనేలలో నడవడం కూడా ఇంతే ప్రమాదం. మంచులో ఒడ్డు ఎటో తెలియదు, నీళ్లు మాత్రం వాటి వేళకి అవి వచ్చేస్తాయి.

చిన్న పడవకి నా నియమం ఒకటే. ఒడ్డు నుంచి అరమైలు దాటి చూపు ఆనకపోతే బయల్దేరను. సముద్రపు మంచు అనుమానం ఉంటే, ఆ క్షణానికి ఎంత తేటగా ఉన్నా బయల్దేరను. ఇప్పటికే నీళ్ల మీద ఉండగా పడితే ఓడలు తిరిగే కాలువలోంచి ముందు పక్కకి తప్పుకోవాలి, పెద్ద ఓడలు రాలేని లోతు తక్కువ చోటు చూసుకుని, అలలు విరగని చోట లంగరేసి, శబ్దం చేస్తూ కూర్చోవాలి. ఇల్లు చేరాలన్న తొందరే ఎక్కువ పడవల్ని ముంచింది.

పసుపు లైట్లు. పసుపు వెలుగు మంచుని చీల్చుకు పోతుందని షాపులో చెప్పారన్నారు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, వాటికి పసుపైనా తెలుపైనా ఒకటే, రెంటినీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఫాగ్ ల్యాంపుల్లో పని చేసేది రంగు కాదు, కిందికి బిగించడం, వెలుగు పైకి లేవకుండా వెడల్పుగా రోడ్డు మీదే పరుచుకోవడం. మీ కారుకి కంపెనీ ఇచ్చినవి ఉంటే చాలు. పసుపు బల్బులకి పెట్టాలనుకున్న డబ్బుతో పడవకి గాలి హారన్ ఒకటి కొనండి, దాంతోపాటు హారన్‌కి బిగించే గ్యాసు డబ్బా అదనంగా ఒకటి కూడా. మొదటిది అవసరమైన వేళకే ఖాళీ అవుతుంది, అది మాత్రం అనుభవం మీద చెప్తున్నాను.